బోనులో రెండో సగం

మంచం మీద నల్లబ్యాగు నోరు తెరుచుకుని ఉంది. దానికి రెండు పక్క జేబులు. ఒకదాని జిప్పు పోతే సూర్యకళ పిన్నీసు పెట్టింది. ఉమామహేష్ అందులో ఒక్కొక్కటే సర్దుతున్నాడు. చొక్కాలు నాలుగు. ప్యాంట్లు రెండు. పోర్టులో వేసుకునే నారింజరంగు జాకెట్టు. గెడ్డం సామాను డబ్బా. నేను వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నాను. చేతులు కాయల మీద, కళ్లు బ్యాగు మీద.

కిందటి వారం మీరు నన్ను వదిలి వెళ్లింది ఈ గుమ్మంలోనే. మధ్యలో వచ్చి చదువుతున్నవాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ఉమామహేష్ నా మనవరాలు సూర్యకళ మొగుడు. పోర్టులో క్రేను నడుపుతాడు. మేం ముగ్గురం మద్దిలపాలెంలో, బస్సు డిపో వెనక సందులో, రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. పారాదీప్‌లో కొత్త రకం క్రేను మీద పది రోజుల ట్రైనింగు ఉందని అతను ఆదివారం నాడు చెప్పాడు. అన్నం తింటూ, పెరుగు అడిగినంత మామూలుగా చెప్పాడు. సూర్యకళ సరేనంది. నేను నమ్మలేదు. పది రోజులన్న మాట మా ఇంట్లో ఒకసారి విని ఉన్నాను.

జూన్‌లో ఒక రాత్రి ఓడ దగ్గరే ఉండిపోయాడు. తరవాత గంగవరంలో రెండు రోజులు. జులైలో కాకినాడలో నాలుగు రోజులు. ఇప్పుడు పది. ఒకటి, రెండు, నాలుగు, పది. ఈ అంకెలు ఇలా పెరగడం నేను ఇంకోచోట కూడా చూస్తున్నాను. మా ఫ్రిజ్ తలుపు మీద. అది చెప్పాలంటే ముందు కుక్కపిల్ల సంగతి చెప్పాలి.

జూన్ మొదటి వారంలో వచ్చింది ఆ కుక్కపిల్ల. పొమేరియన్. అప్పటికి దానికి రెండు నెలలు. తెల్లగా, గుప్పెడు మరమరాలు కుప్ప పోసినట్టు ఉండేది. మా వైపు మరమరాల్ని మురీలంటారు, అందుకే మురీ అని పేరు పెట్టాం. దానితోపాటు ఒక ఇనప చువ్వల పెట్టె వచ్చింది. క్రేట్ అనాలిట. నేను బోను అనేదాన్ని. ముద్దు చేయడానికి తెచ్చుకున్న జీవానికి జైలు కట్టడం ఏమిటని అడిగితే, జైలు కాదు, దాని ఇల్లు అని సూర్యకళ చెప్పింది. ఇది ఎవరి సరదా అని కూడా అడిగాను. ఆయనదే, షిఫ్టులకి వెళ్లినప్పుడు నాకు తోడుంటుందని తెచ్చాడు అంది.

చిన్నజాతి కుక్కపిల్లల కడుపు చిన్నది. రెండు గంటలకి మించి ఆపుకోలేవు. అందుకని నిద్ర లేచాక ఒకసారి, తిన్నాక ఒకసారి, ఆడాక ఒకసారి ఎత్తుకుని పెరట్లో నందివర్ధనం మొక్క దగ్గరికి తీసుకెళ్లాలి. రోజూ అదే చోటు. పని కాగానే శభాష్ అనాలి, ఉడికించిన కేరట్ ముక్క ఒకటి పెట్టాలి. ఇంట్లో తడిపితే తిట్టకూడదు, మాట్లాడకుండా తుడవాలి. మొదటి వారం నేను దాని ముక్కు ఆ తడిలో రాయబోతే సూర్యకళ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అలా చేస్తే దానికి తెలిసేది అక్కడ పోయకూడదని కాదు అమ్మమ్మా, నీ కంటపడకుండా పోయాలని అంది. చిన్నప్పటి నుంచి నా చేతిలో పెరిగిన పిల్ల నాకు పాఠం చెబుతుంటే బాగానే ఉంది విన్నంతసేపూ.

బోను తలుపు మొదట్లో ఎప్పుడూ తెరిచే ఉండేది. సూర్యకళ అన్నం గిన్నె లోపలే పెట్టేది. కేరట్ ముక్కలు లోపలికి విసిరేది. నాలుగు రోజులకి అది తనంత తనే లోపలికి వెళ్లి నిద్రపోవడం మొదలుపెట్టింది. అప్పుడు సూర్యకళ తలుపు వేసింది. ఒక నిమిషం, తరవాత రెండు నిమిషాలు. పైన పాత నేతచీర ఒకటి చుట్టూ దించి కప్పింది. చీకటిగా ఉంటే దానికి ధైర్యమట.

ఆ బోను కుక్కపిల్లకి మరీ పెద్దది. ఎదిగాక సరిపోయే సైజు కొన్నామంది. మరి అంత చోటు దీనికెందుకంటే, అందుకే మధ్యలో అడ్డుపలక అంది. తను పడుకునే చోటుని ఏ కుక్కా తడుపుకోదు. కానీ చోటు ఎక్కువైతే ఒక సగంలో పడుకుని ఇంకో సగంలో పని కానిస్తుంది. కాబట్టి నిలబడి ఒకసారి గుండ్రంగా తిరగగలిగినంత చోటే ఇవ్వాలి. పలకకి అట్టముక్క కూడా కట్టింది, పంజాలు ఇరుక్కోకుండా. పలక అవతలి సగంలోకి వేరే దారి లేదు. ఉన్నది ఒక్కటే తలుపు, అది కుక్కపిల్ల వైపే. అవతల ఏముందని ఒకసారి చీర కొస ఎత్తి చూశాను. నీలం గుడ్డసంచీ ఒకటి కనపడింది. మురీ గుడ్డలు, పాత పేపర్లు అని సూర్యకళ వెనక నుంచి చెప్పింది. చీర దించేశాను.

జులై మొదటి వారానికి ఇల్లు తడవడం ఆగిపోయింది. అప్పుడు మొదలైంది రెండో చదువు. ఒంటరిగా ఉండటం.

ఫ్రిజ్ మీద గళ్లు గీసిన కాగితం ఒకటి అంటించింది. తారీకు, బయటికి తీసుకెళ్లిన వేళ, ఎవరు తీసుకెళ్లారు, ఎంతసేపు ఒంటరిగా ఉంది. నాకు బడి లేదు. భీమునిపట్నంలో ఎండుచేపలు చుట్టే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. అందుకని కాగితం కనపడితే చదవకుండా ఉండలేను. ఐదు నిమిషాలు. పది. ఇరవై. నలభై. గంటన్నర. రెండు గంటలు. సూర్యకళ పొద్దున డ్యూటీకి డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్లి ఒంటిగంటకి వచ్చేది. మూడింటికి మురీని బోనులో పెట్టి, చీర దించి, బయటికి వెళ్లేది. నేను డాబా ఎక్కి కూర్చోవాలి. ఇంట్లో మనిషి దగ్గు వినపడినా అది ఒంటరితనం కిందకి రాదట. వెళ్లేటప్పుడు దానికి చెప్పకూడదు. ముద్దు చెయ్యకూడదు. వచ్చాక కూడా పరిగెత్తుకొచ్చి ఎత్తుకోకూడదు. వెళ్లడం, రావడం రెండూ గాలి వీచినట్టు జరిగిపోవాలి. అప్పుడే ఆ జీవానికి బెంగ పట్టదు.

మొదటి మూడు రోజులు అది ఏడ్చిన ఏడుపుకి పక్కింటి గురువమ్మ గోడ మీంచి తొంగిచూసి, ఎవరికేమైందని అడిగింది. డాబా మీద వారపత్రిక ముందు పెట్టుకుని నేనూ ఏడ్చాను. రెండో వారానికి అది ఏడవడం మానేసింది. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

కాకినాడ వెళ్లినరోజు ఉమామహేష్ నాకు చెప్పకుండా వెళ్లాడు. చెప్పుల చప్పుడు కూడా వినపడలేదు. తిరిగొచ్చినరోజు కూడా సందు చివర దాకా వెళ్లొచ్చినట్టు లోపలికొచ్చి మంచినీళ్లు తాగాడు. ఆ సాయంత్రం ఫ్రిజ్ ముందు నిలబడి ఆ అంకెలు చదువుతుంటే నాకు లెక్క కలిసింది. కుక్కపిల్లకి చేస్తున్నదే అతను మాకూ చేస్తున్నాడు. ఒక రాత్రి. రెండు రోజులు. నాలుగు. మేం ఏడవకుండా ఉండటం నేర్చుకున్నాక ఒకరోజు తలుపు వేసి వెళ్లిపోతాడు.

నాకు అనుమానం జబ్బని సూర్యకళ అంటుంది. కావచ్చు. మా గోడ మీద మూడు ఫోటోలున్నాయి. నా మొగుడు చలమయ్య తెప్పతో వెళ్లాడు. తెప్ప చెక్కలు దొరికాయి కాబట్టి దండ వేశాం. నా కూతురు రాధ జ్వరంతో నా ఒళ్లోనే పోయింది. దానికీ దండ ఉంది. మూడోది నా అల్లుడు దుర్గారావు. సూర్యకళకి నాలుగేళ్లప్పుడు అండమాన్‌లో పని చూసుకుని పది రోజుల్లో వస్తానని బ్యాగు సర్దుకుని ఓడ ఎక్కాడు. ఉన్నాడో లేడో తెలియదు. అందుకని ఇరవై మూడేళ్లుగా ఆ ఫోటోకి దండ లేదు. రెండు వారాల కిందట సూర్యకళ దాని మీద దుమ్ము తుడుస్తూ, నాన్న ఎంత పొడుగు ఉండేవాడు అమ్మమ్మా అని అడిగింది. ఉమామహేష్ కంటే ఒక బెత్తెడు పొడుగు అన్నాను. ఆ పోలిక నా నోటికి ఎలా వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

గుమ్మం దిగేవాళ్లని ఎక్కడికని అడగకూడదు. పెళ్లైన కొత్తలో చేపల వేటకి బయల్దేరిన చలమయ్యని నేను ఆ మాట అడిగితే మా అమ్మ నా చెంప వాయించింది. ఆ తరవాత ఎవరినీ అడగలేదు. అడగడం లేదు గనక చూడటం నేర్చుకున్నాను. బ్యాగులో ఏం పెడుతున్నారో, ఏం వదిలేస్తున్నారో. మా వాళ్లలో వెళ్లేది మగవాళ్లు. ఆడవాళ్లం గట్టు మీద ఉంటాం. కాబట్టి చూడాల్సింది మగవాళ్ల బ్యాగు.

ఆ గురువారం పొద్దున కూడా అదే చూస్తున్నాను.

మర్నాడు వరలక్ష్మీ వ్రతమని సూర్యకళ సెలవు పెట్టింది. తలంటుకుని, జుట్టు ముడి వేసుకుని, ఇల్లంతా తుడిచింది. తొమ్మిదింటికి మురీని నందివర్ధనం దగ్గరికి తీసుకెళ్లి, శభాష్ చెప్పి, కేరట్ ముక్క పెట్టింది. ఉమామహేష్ స్నానానికి వెళ్లాడు. ఆమె ముందుగదిలో బోను దగ్గర చాలాసేపు వంగి ఉంది. నాకు వీపు మాత్రమే కనపడింది. చీర దించి లేచింది. ఫ్రిజ్ దగ్గరికెళ్లి కాగితంలో ఏదో రాసింది. ఈ రోజు నాలుగు గంటలు అంది నాతో. పూలు, తమలపాకులు తేవాలి, ఎలాగూ ఆలస్యమవుతుంది కదా, దీన్నీ చూద్దాం అంది. డాబా మీదకి వెళ్లక్కర్లేదు, చప్పుడు చెయ్యకుండా ఉంటే చాలు, ఇప్పుడు దానికి బాగా అలవాటైంది అని కూడా అంది.

ఒక చేతిలో పర్సు. ఇంకో చేతిలో ఆ నీలం గుడ్డసంచీ.

"ఏటది?" అన్నాను.

"మురీ గుడ్డలు. కంపు కొడతన్నాయి. సందు చివర పారేసి ఎల్తాను."

చేతులు ఖాళీ లేవని గేటు గొళ్లెం నేనే తీశాను. కంపు అంది కదా అని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆమె నా వైపు చూడలేదు. ఏమీ చెప్పలేదు. గాలి వీచినట్టు వెళ్లింది. నేను గేటు వేసి, గబగబా లోపలికి వచ్చాను. సూర్యకళ లేనప్పుడే అతన్ని నిలదీయాలని మూడు రోజులుగా కాచుకుని ఉన్నాను.

అతను స్నానం చేసి వచ్చి సర్దడం మొదలుపెట్టాడు. నాలుగు చొక్కాల వరకూ నేను ఓపిక పట్టాను. తరవాత బీరువా పై అర నుంచి ఒక ఫైలు తీశాడు. ఆకుపచ్చ ఫైలు. అతని పదో తరగతి సర్టిఫికెట్టు, లైసెన్సు, పెళ్లి రిజిస్ట్రేషను కాగితం, అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని చొక్కాల అడుగున పెట్టాడు.

పది రోజుల ట్రైనింగుకి పదో తరగతి సర్టిఫికెట్టు ఎందుకు?

చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి లేచాను. బ్యాగు దగ్గరికెళ్లి ఆ ఫైలు బయటికి లాగాను. అతను టవలు మడతపెడుతున్నవాడల్లా ఆగాడు.

"ఏటమ్మమ్మా, రైల్వే పోలీసులా సెకింగ్ సేత్తన్నావ్. అడుగున ఉప్పుసేపలున్నాయనుకున్నావేటి?"

నేను నవ్వలేదు. ఇదెందుకని అడిగాను. అక్కడ గేటు పాసుకి ఒరిజినల్సు చూపించాలని చెప్పాడు. ఫోన్లో మెసేజీ తీసి నా ముందు పెట్టాడు. అది ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు రాదని తెలిసే చూపించాడనుకున్నాను. మరి పెళ్లికాగితం కూడా గేటు దగ్గర చూపిస్తావా అని అడిగాను. ఫైలంతా ఒక్కటే కదా, విడదీసేదేముందని అన్నాడు. ప్రతిదానికీ జవాబు ఉంది. జవాబులు అంత సాఫీగా రావడం నాకు నచ్చలేదు.

"మా అల్లుడు కూడా పది రోజులే అన్నాడు బాబూ" అన్నాను.

అతను మంచం మీద కూర్చున్నాడు. వాళ్ల నాన్న ఎప్పుడో గోదావరి నుంచి స్టీలు ప్లాంటు పనికి వచ్చాడు. వీడు గాజువాకలో పుట్టాడు. మాట మా మాటే గానీ మనిషి మా మనిషి కాదని మొదటి నుంచీ నా మనసులో ఒక ముల్లు ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా నాతో ఎప్పుడూ మాట తూలలేదు. ఆ రోజూ తూలలేదు.

"నాను దుర్గారావుని కాను అమ్మమ్మా."

"ఎల్లినరోజు దుర్గారావు కూడా దుర్గారావులాగ లేడు. నీలాగే ఉన్నాడు."

అప్పుడు నేను మొత్తం చెప్పేశాను. ఒక రాత్రి, రెండు రోజులు, నాలుగు రోజులు, పది రోజులు. బోను తలుపు, ఫ్రిజ్ మీది కాగితం, చెప్పకుండా వెళ్లడం, చప్పుడు లేకుండా రావడం. మురీకి నేర్పినట్టే మాకూ నేర్పుతున్నావు, అది ఏడుపు మానేసినట్టే నా మనవరాలూ మానేసింది, మొన్న పారాదీప్ అంటే కంట తడి కూడా పెట్టలేదు, అదే కదా నీకు కావాల్సింది అన్నాను. మాట్లాడుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇన్నేళ్లలో వెళ్లే మనిషిని ఎదురుగా నిలబెట్టి అడగడం అదే మొదటిసారి.

అతను మొదట నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు.

"ఆ కాయితం నాది కాదు" అన్నాడు. "రాసింది తను. గళ్లు కొట్టింది తను. కుక్క ఊసు నాను ఎత్తనే లేదు. అమ్మమ్మకి సేతినిండా ఒక పని ఉండాలి, లేపోతే గోడ మీద ఫోటోలు సూసుకుని కుమిలిపోతాదని తనే అడిగింది. నీకోసమే కదా తెచ్చాను."

నాకోసమా? నాకు చెప్పింది వేరు. నువ్వు షిఫ్టుకెళ్తే దానికి తోడని నువ్వే తెచ్చావని చెప్పిందని అన్నాను.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఒకే కుక్కపిల్లకి రెండు కారణాలు. రెండూ ఒక్క నోటి నుంచే వచ్చాయి. అయినా నా అనుమానం అంత తొందరగా అతన్ని వదల్లేదు. అబద్ధం చెప్పేవాళ్లు ఎదుటివాళ్ల మీదకి నెట్టడం నాకు తెలుసు. అతను మాత్రం వేరే లెక్కలో పడ్డాడు. తలొంచుకుని నేల వైపు చూస్తున్నాడు.

"అమ్మమ్మా. దాన్ని ఒంటరిగా వదిలినప్పుడు నువ్వు డాబా మీద ఉంటావు. తను?"

బయటికి వెళ్తుంది కదా అన్నాను.

"డాబా మీద నీతోనే కూసుంటాననేది నాతో. ఇద్దరూ కబుర్లు సెప్పుకుంటన్నాం అనేది. నాను ఫోన్ సేత్తే అక్కడి నుంచే మాటాడతన్నానని సెప్పేది. నువ్వొక్కద్దానివే ఉంటన్నావా అక్కడ?"

ఐదు నిమిషాలప్పుడు ఆమె గేటు బయట నిలబడటం నేను డాబా మీంచి చూశాను. పది నిమిషాలప్పుడు సందు చివర కనపడింది. ఇరవై నిమిషాలప్పుడు డిపో వైపు తిరిగింది. గంటన్నర, రెండు గంటలు అయ్యాక చూడటం మానేసి పత్రిక చదువుకున్నాను. ఎక్కడికని ఒక్కరోజు కూడా అడగలేదు. ఆమె చేతిలో బ్యాగు లేదు. ఆడపిల్ల. కుక్కకి పాఠం చెబుతోంది. అడగాల్సింది ఏముంది?

"ఎక్కడికి ఎల్తాదో నీకు తెలీదా?" అన్నాడు అతను. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని.

అప్పుడే ముందుగదిలో చిన్న చప్పుడు. గోళ్లు రేకు మీద గీసిన చప్పుడు. వెళ్లి చూస్తే బోను మీది చీర అంచు కింద నుంచి సన్నటి పచ్చటి నీటి చార ఒకటి గచ్చు మీదకి పాకుతోంది. నెల రోజులుగా ఆ బోను తడవలేదు. పెరట్లో పని చేయించి గంటన్నర కూడా కాలేదు. ఇప్పుడది రెండు గంటల పైనే ఆపుకుంటుంది.

అతను చీర ఎత్తాడు.

మురీ తన సగంలో, తన పొడిగుడ్డ మీద నిలబడి ఉంది. ఆ గుడ్డ మీద రాత్రి సూర్యకళ వేసుకుని పడుకున్న నైటీ మడతపెట్టి ఉంది. వాసన తెలిస్తే బెంగ ఉండదని మొదటి వారంలో అలా పెట్టేది. మళ్లీ ఎందుకు పెట్టిందో అప్పుడు అర్థం కాలేదు. మధ్యలో ఉండాల్సిన అడ్డుపలక లేదు. తీసి బోనుకీ గోడకీ మధ్య నిలబెట్టి ఉంది. అవతలి సగం ఖాళీగా ఉంది. ఖాళీ సగంలో చివరి మూల తడి. మురీ మా వైపు చూసిన చూపులో తప్పు చేసిన భయం లేదు. చోటు ఎక్కువైంది, అందుకని వాడుకుంది.

"పలక ఎవులు తీశారు?" అన్నాడు అతను.

నేను ఆ చివరి మూల వైపే చూస్తున్నాను. అవతలి సగంలో ఉన్నది బయటికి తియ్యాలంటే పలక తియ్యాలి. అతను స్నానం చేస్తున్నంతసేపే ఆమెకి వీలుంది. తిరిగి బిగించే తీరిక లేదు. నీలం గుడ్డసంచీ. మురీ గుడ్డలు, కంపు కొడుతున్నాయి అంది.

నెల రోజులుగా ఒక్క గుడ్డ కూడా తడవని ఇంట్లో కంపు కొట్టే గుడ్డలు ఎక్కడివి?

బోను పట్టుకుని కింద కూర్చున్నాను. రెండు నెలల నుంచి ఒక్కొక్క చీర, ఒక్కొక్క కాగితం ఆ చీకట్లోకి చేరుతున్నాయి. పైన నేతచీర, మధ్యలో అట్టపలక, ముందు ఒక కుక్కపిల్ల కాపలా. నేను మాత్రం ప్రతి ప్రయాణంలోనూ ఆ నల్లబ్యాగు పిన్నీసు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

"గేటు నానే తీశాను బాబూ" అన్నాను. "గొళ్లెం నానే తీశాను."

అతను ఫోన్ చేశాడు. ఆమె ఫోను ఇంట్లోనే మోగింది. ఫ్రిజ్ మీద, పంచదార డబ్బా వెనక. దాన్ని తీసుకోవడానికి వెళ్లినవాడు ఆ గళ్ల కాగితం ముందు ఆగిపోయాడు. దాని కింద ఇంకో కాగితం ఉంది. నేను ఎప్పుడూ పైదే చదివాను. అతను పైది ఎత్తి పట్టుకుంటే కిందది ఇద్దరం చదివాం. రేపటి నుంచి నెలాఖరు దాకా తారీకులు వేసి ఉన్నాయి. ఎవరు తీసుకెళ్లాలన్న గడిలో పదిహేడో తారీకు దాకా అన్ని పూటలా అమ్మమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ. పద్దెనిమిది నుంచి పొద్దున ఉమ, సాయంత్రం ఉమ, మధ్యలో అమ్మమ్మ. ఆమె పేరు ఏ గడిలోనూ లేదు.

అతను పది రోజులకి తిరిగొస్తాడని ఆమె నమ్మింది. నేను నమ్మలేదు. ఆ సంగతి అతను కూడా ఆ కాగితంలోనే చదివాడు. చెప్పులేసుకుని బండి తీశాడు.

డిపోకి వెళ్లాడు. పూలబజారుకి వెళ్లాడు. డయాగ్నస్టిక్ సెంటర్‌లో అడిగితే, ఆమె మూడు వారాల కిందటే పని మానేస్తున్నట్టు రాసిచ్చిందని, నిన్నటితో ఆఖరని చెప్పారట. హార్బరు గేటు దాకా వెళ్లి, అక్కడ ఎవరిని ఏమని అడగాలో తెలియక తిరిగొచ్చాడు. అప్పటికి మూడు దాటింది. అతని రైలు రెండున్నరకే వెళ్లిపోయింది.

అతను వచ్చేలోపల నేను చేసింది ఒక్కటే పని. ఒంటిగంటన్నరకి నాలుగు గంటలు నిండాయి. నిండిన వెంటనే తలుపు తియ్యాలి కదా. తీశాను. మురీని పరిగెత్తనివ్వలేదు, ముద్దు చెయ్యలేదు. ఎత్తుకుని నందివర్ధనం దగ్గర దించాను. పని కాగానే శభాష్ అన్నాను. కేరట్ ముక్క పెట్టాను. అది తిని, గేటు వైపు ఒకసారి చూసి, లోపలికి వచ్చి తనంత తనే బోనులో పడుకుంది. ఏడవలేదు.

లోపలికి వస్తూ అలవాటుగా గోడ వైపు చూశాను. చలమయ్య ఉన్నాడు, దండతో. రాధ ఉంది, దండతో. దుర్గారావు చోట మేకు ఒక్కటే ఉంది.

నల్లబ్యాగు మంచం మీద అలాగే నోరు తెరుచుకుని ఉంది. ఉమామహేష్ పారాదీప్ వెళ్లలేదు.

వెళ్లింది సూర్యకళ. 2025 ఆగస్టు ఏడో తారీకు, గురువారం, పొద్దున తొమ్మిదిన్నరకి గేటు దాటింది. తిరిగి రాలేదు.